గుమ్మంలో ఆరువందల పేజీలు

రెండువందల పేజీలు. అంతకు ఒక్క పేజీ పెరిగినా మాట లేదన్నాడు ప్రెస్సు యజమాని. శుక్రవారం సాయంత్రం లోపల రాతప్రతి చేతికొస్తే ఈ ఏడే అచ్చు. రాకపోతే ఆ వరసలోకి వేరొకరి పుస్తకం ఎక్కుతుంది, వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. ప్రూఫులమ్మకి యాభై నాలుగేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే ప్రెస్సులో, కిటికీ పక్క బల్ల దగ్గర, అందరి పుస్తకాలూ దిద్దింది. అక్కడి అద్దాల బీరువాలో తన పేరుతో ఒక్క పుస్తకం, ఒక్కటంటే ఒక్కటి, చూసుకోవాలని ఆవిడ ఆశ.

బుధవారం పొద్దున చూసుకుంటే నవల ఆరువందల పన్నెండో పేజీలో ఉంది. ముగింపు కనుచూపు మేరలో లేదు.

ఇంత ఎలా పెరిగిందయ్యా అంటే, అదంతా వృత్తి తెచ్చిపెట్టిన రోగం. ప్రూఫు దిద్దేవాళ్ళు అనుమానం వచ్చిన చోట అంచున ఎర్ర సిరాతో ప్రశ్న గుర్తు పెడతారు. మూడో పేజీలో చొక్కా తెలుపన్నారు, ఇక్కడ నీలమేమిటి అని. రచయిత జవాబు చెప్పుకోవాలి. ఇతరుల పుస్తకాలకు బ్రహ్మాండమైన పద్ధతే. ఈ మహాతల్లి తన నవలకూ అదే పెట్టింది. నిన్న రాసినదాన్ని ఇవాళ తనే దిద్దడం, తనే ప్రశ్న పెట్టడం, జవాబు రాయడానికి మళ్ళీ తనే కూర్చోవడం. పోనీ ఒక వాక్యంతో సరిపెట్టుకుందా? అబ్బే! ప్రశ్నకో అధ్యాయం.

అసలు కథ చిన్నది. ఇరవై ఏళ్ళ కాపురం తర్వాత ఒకావిడ సంచి సర్దుకుని గుమ్మం దాకా వస్తుంది. బయట వాన. వాకిట్లో టాక్సీ ఆగి ఉంది. మొగుడు పేపరు కిందికి దించి "ఎక్కడికి?" అంటాడు. అది నలభై ఒకటో పేజీ. ఆ పేజీ అంచున ప్రూఫులమ్మ ఐదు ప్రశ్నలు పెట్టింది. సంచి ఎవరిది? వాళ్ళ పిన్నిది. పిన్ని కథ యాభై పేజీలు. టాక్సీ నడిపేదెవరు? అతనికి ముగ్గురు తమ్ముళ్ళు, ఒకరితో ఒకరికి మాటల్లేవు, తొంభై పేజీలు. తలుపు ఎందుకు కిర్రుమంది? చేసిన వడ్రంగికి బొటనవేలు లేదు. ఆ వేలు పోయిన కథ చెప్పాలిగా. ఖర్మ, అది నూట ఇరవై. ఎదురింటి కిటికీలోంచి తొంగిచూసిందెవరు? ఆవిడ కథ మూడువందలు దాటి ఇంకా నడుస్తోంది.

రాసిందల్లా సాయంత్రాలు అత్తగారికి చదివి వినిపించేది. అత్తగారికి ఎనభై రెండేళ్ళు. చూపు మందగించింది గాని చెవులు మాత్రం పాము చెవులు.

బుధవారం సెలవు పెట్టి, కాగితాల దొంతర అత్తగారి మంచం మీద పెట్టి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది ప్రూఫులమ్మ.

"అత్తయ్యా, నాలుగొందల పేజీలు తీసిపారెయ్యాలి. పిన్నిని తీసెయ్యనా?"

"పిన్ని జోలికెళ్ళావంటే ఊరుకోను. పాపం ఎంత కష్టపడిందే!"

"పోనీ వడ్రంగిని?"

"వేలు పోయినవాడి మీద నీకెందుకే కక్ష?"

"టాక్సీ అతని తమ్ముళ్ళు?"

"చివరివాడు మంచాన పడ్డాడుగా. లేచి తిరగనీ, తర్వాత చూద్దాం."

"ఎదురింటావిడ ఒక్కతే మూడొందలు మింగింది, ఆవిణ్ణి?"

"ఆవిడ లేకపోతే నాకు పొద్దు గడవదే."

ప్రూఫులమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. పెన్ను విసిరికొడితే అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"అందరూ ఉండాలి, పేజీలు మాత్రం తగ్గాలి! నా వల్ల కాదు. అందరి పుస్తకాలూ ఒడ్డున పడేశాను గాని నా ఒక్క పుస్తకం నాకు చేతకాలేదు. ఈ ఏడూ లేదు, ఏ ఏడూ లేదు, వదిలెయ్యండి!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడుపు కన్నా ఉక్రోషమే ఎక్కువ.

అత్తగారు మాత్రం "అవునే, ఆ సంచి పిల్ల ఏమైంది?" అంది.

"ఏ సంచి పిల్ల?"

"మొదట్లో వచ్చిందే! అతను ఎక్కడికి అన్నాడు. ఆ తర్వాత నువ్వు దాని ఊసే ఎత్తలేదు. అప్పట్నుంచీ గుమ్మంలోనే నిలబెట్టావు. కాళ్ళు పీక్కుపోవూ?"

ప్రూఫులమ్మ నలభై ఒకటో పేజీ బయటికి లాగింది. నాలుగు ప్రశ్నలకి జవాబు మొదలెట్టినట్టు టిక్కులున్నాయి. "ఎక్కడికి?" పక్కన పెట్టిన ఐదో ప్రశ్న గుర్తుకి మాత్రం ఏమీ లేదు.

"దానికి జవాబు నాకు తెలీదత్తయ్యా," అంది నెమ్మదిగా. "ఎక్కడికో తెలీకుండా ఎలా పంపను? తట్టినప్పుడు రాద్దాం, ఈలోగా మిగతావి కానిద్దాం అనుకున్నాను."

"నేనూ అంతే," అంది అత్తగారు. "మీ ఆయనకి అప్పుడు రెండో ఏడు. వాణ్ణి చంకనేసుకుని, సంచి పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. మీ మావగారు ఎక్కడికి అన్నారు. నోట మాట రాలేదు. చెప్పలేనిదాన్ని ఎలా వెళ్తాను అనుకుని సంచి లోపల పెట్టేశాను. యాభై అయిదేళ్ళయింది."

ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ప్రూఫులమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పి తీరాలా ఏంటే? ముందు దాన్ని పంపించు."

"మరి పిన్నీ వాళ్ళూ?"

"వాళ్ళకేం తొందర? ఇంకో పుస్తకంలోకి వస్తారు."

ఐదువందల డెబ్భై ఒక్క పేజీలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి. ఎర్ర పెన్నుని మంచం కిందే ఉండనిచ్చి, గురువారమంతా మామూలు పెన్నుతో రాసింది ప్రూఫులమ్మ. శుక్రవారం మధ్యాహ్నం యజమాని ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎన్ని పేజీలు తేలాయి?"

"యాభై రెండు."

"ఐదొందల యాభై రెండా? నేను ముందే చెప్పాను కదా..."

"వట్టి యాభై రెండండీ."

"అయితే ఇప్పుడే తెచ్చేయండి మేడమ్, మళ్ళీ పెరక్కముందే."

వెళ్ళేముందు చివరి పేజీ అత్తగారికి చదివింది. కథలో ఆవిడ జవాబు చెప్పకుండానే నాలుగు మెట్లూ దిగింది. టాక్సీ ఎక్కింది. ఎటు పోవాలమ్మా అంటే, ముందు పోనివ్వండి అంది.

"వెళ్ళిందా?"

"వెళ్ళిందత్తయ్యా."

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "హమ్మయ్య," అంది. ఇంతలోనే, "అవునే, వానన్నావు కదా, గొడుగు తీసుకుందా?"

ప్రూఫులమ్మ చూపు ఠక్కున కాగితం అంచుకి పోయింది. ఎవరిదా గొడుగు? ఎక్కడ కొన్నారు? పళ్ళు బిగించుకుంది. సంచి అని ఉన్నచోట పక్కనే 'గొడుగు' అని ఒక్క మాట చేర్చి, కాగితాలు చంకలో పెట్టుకుని, అత్తగారు ఇంకోటి అడిగేలోగా గబగబా మెట్లు దిగిపోయింది.