చుట్టం వచ్చి వెళ్ళిన వేళలు

వెబ్‌సైట్లన్నీ చూసి రమ్మని సెర్చ్ ఇంజన్ పంపే బాట్ ప్రోగ్రామ్‌కి మా పిన్ని చుట్టం అని పేరు పెట్టింది. చెప్పాపెట్టకుండా వస్తుంది, గదులన్నీ తిరిగి చూస్తుంది, మన సంగతులు ఊరంతా చెబుతుంది, కాబట్టి చుట్టమేనంది. అప్పుడు పడీపడీ నవ్వాను. ఈ వారంలో నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

పిన్నిది పాత కుట్టుమిషన్ల విడిభాగాల కొట్టు. సందు చివర రెండు మెట్లెక్కితే ఒక చిన్న గది, గోడల నిండా సొరుగులు. బాబాయి ఉన్నన్నాళ్ళూ ఏ సొరుగులో ఏముందో ఆయనకే తెలిసేది. ఆయన పోయి ఏడాదైంది. నా ఉద్యోగం ఊడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో, ఊరికే కూర్చోలేక కొట్టుకి వెబ్‌సైటు తయారుచేశాను. సొరుగులు లాగి పిన్ని చెప్పేది, నేను టైపు చేసేదాన్ని.

అలా చెబుతూ ఒకరోజు, "పాత రకం షటిళ్ళు నిండుకున్నాయి, రాసుకో" అంది. రాసుకున్నాను.

మా ఇంట్లో ఏదీ అయిపోదు, నిండుకుంటుంది. బియ్యం నిండుకుంటాయి, నూనె నిండుకుంటుంది. లేదు అన్న మాట పిన్ని నోట రాదు. బాబాయి పోయాక కూడా, ఆయన కోసం ఫోన్ చేసినవాళ్ళకి నెలల తరబడి "బయటికెళ్ళారండీ" అనే చెప్పింది. పిన్ని దగ్గర పెరిగిన నాకు నిండుకోవడం అంటే ఖాళీ అవడమే. ఆ మాటని ఇంకోలా చదివేవాళ్ళు ఉంటారని నా బుర్రకి తట్టలేదు.

ఉన్నారు. పోయిన సోమవారం ఒక టైలరమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. ఆసుపత్రికి నలభై పరదాలు శుక్రవారంలోగా కుట్టివ్వాలి, మిషన్‌లో కింది దారం నడిపే షటిల్ విరిగింది.

"ఒక్కటి చాలమ్మా. మీ దగ్గర నిండుగా ఉన్నాయటగా?" అంది.

"నిండుకున్నాయమ్మా" అంది పిన్ని.

"అదే కదా నేనూ అంటున్నది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ఫోన్ తీసి చూపించింది. షటిళ్ళ కోసం వెతికితే మొట్టమొదట వచ్చేది మా కొట్టే. ఆ పేరు కింద, నేను టైపు చేసిన వాక్యమే. నా తల కొట్టేసినట్టయింది.

పిన్ని వెనక గదిలోకి వెళ్ళి, బాబాయి మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, స్క్రూలు విప్పింది. రోజూ మధ్యాహ్నం ఏదో ఒక గుడ్డ పెట్టి ఆ మిషన్ మీద నాలుగు కుట్లు వేస్తేగానీ పిన్నికి తోచదు. అందులో షటిల్ తీసి, తుడిచి, కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టింది. టైలరమ్మ దణ్ణాలు పెట్టుకుంటూ బస్సుకి పరిగెత్తింది.

"ఇంకొకళ్ళు వస్తే ఇవ్వడానికి నా దగ్గర..." అని ఆగిపోయింది పిన్ని. ఆ వాక్యం చివర ఏ మాట రావాలో ఇద్దరికీ తెలుసు.

వెంటనే పేజీ దిద్దాను: పాత రకం షటిళ్ళు లేవు.

"గుమ్మం మీద ఆ పాడుమాటేంటే?"

"గుమ్మం కాదు పిన్నీ, వెబ్‌సైటు."

"ఏదైతేనేం, జనం వచ్చేది దాంట్లోంచేగా."

దిద్దితే సరిపోతుందా? మన పేజీలో ఏముందన్నది కాదు, చుట్టం కిందటిసారి వచ్చినప్పుడు ఏం చూసి వెళ్ళాడన్నదే లోకానికి కనబడుతుంది. వాడు మళ్ళీ వచ్చి చూసేదాకా ఆ పాత వాక్యమే జనాన్ని బస్సులెక్కిస్తుంది. సర్వర్ రాసుకునే చిట్టాలో ఎవరెప్పుడు ఏ పేజీ చూశారో ఉంటుంది. రెండు నెలల చిట్టా తిరగేసి, వాడు వచ్చిన వేళలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించాను. మొదట్లో రెండు రోజులకోసారి వచ్చాడు. తర్వాత నాలుగు. ఈమధ్య ఆరు. నేను పేజీల్లో కొత్తగా ఏమీ రాయకపోయేసరికి వాడికీ మోజు తీరినట్టుంది.

వచ్చి చూడమని సెర్చ్ ఇంజన్‌కి దరఖాస్తు పెట్టాను. మంగళవారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. రెండు నిమిషాలకోసారి చిట్టా తెరవడం, మూయడం. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, ఇంకెవరొచ్చారోనని గుమ్మంలోకి తొంగి చూసేదాన్ని. బుధవారం వచ్చాడు. వచ్చి, 'మా గురించి' పేజీ ఒక్కటీ చూసి వెళ్ళిపోయాడు. కోపమొచ్చి నోట్‌బుక్కు బల్లకేసి కొట్టాను.

"చుట్టం చూపుగా రావడమంటే అదేనే. వంటింట్లోకి తొంగి చూడరు" అంది పిన్ని, బాబిన్లు తుడుచుకుంటూ. నాకు ఒళ్ళు మండింది.

గురువారం పదకొండూ ఇరవైకి చిట్టాలో కొత్త వరుస పడింది. వాడే. ఈసారి సరకుల పేజీ.

"పిన్నీ! వచ్చాడు! చూశాడు!"

పిన్ని చేతిలోని సొరుగు సగంలో ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. ఏం?"

"నువ్వు పదింటికి టీకి వెళ్ళావు చూడూ..."

ఇంక చెప్పనక్కర్లేకపోయింది. పేజీ తెరిచాను. పాత రకం షటిళ్ళు నిండుకున్నాయి. మార్చడం నేర్పింది నేనే.

"పొద్దున్నే ఆ మాట చూడలేకపోయానే. ఒక్క పూట ఉంచి, మళ్ళీ మార్చేద్దామనుకున్నా."

"నీ పట్టింపు కోసం జనం ఊళ్ళు దాటి రావాలా?" అని అరిచాను. అక్కడితో ఆగినా బాగుండేది. "అయితే బాబాయి కూడా ఇంకా బయటికే వెళ్ళాడా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. పిన్ని సొరుగు నెమ్మదిగా లోపలికి తోసి, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తిట్టినా బాగుండేది. నామీద నాకే అసహ్యం వేసింది.

అంతలో ఫోన్ మోగింది. నేను లేవబోతే చేత్తో వారించి తనే ఎత్తింది. ఎవరో పెద్దాయన, చెవుడు కాబోలు, బల్ల దగ్గరున్న నాకూ వినబడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు.

"అయ్యగారున్నారా అమ్మా? షటిళ్ళు నిండా వచ్చాయట, ఫోన్‌లో మనవరాలు చూసింది. ఇప్పుడే బయల్దేరుతున్నా. సాయంత్రానికి అక్కడుంటా."

పిన్ని ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. ఆయన "హలో, హలో" అంటున్నాడు.

"ఆయన లేరండీ" అంది పిన్ని. గొంతు సవరించుకుని, ఆయనకి వినబడేలా మళ్ళీ అంది. "లేరు. ఏడాదైంది. షటిళ్ళూ లేవు. మీరు బయల్దేరకండి."

అటువైపు ఆయన చాలాసేపు ఏదో అన్నాడు, ఈసారి చిన్న గొంతుతో. పిన్ని ఊఁ కొడుతూ విని, ఫోన్ పెట్టేసి, నా పక్కన కూర్చుంది. కీబోర్డు తనవైపు లాక్కుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ 'నిండుకున్నాయి' చెరిపి 'లేవు' అని కొట్టింది.

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

నోట్‌బుక్కు తెరిచాను, అక్షరాలు అలుక్కుపోయాయి. "ఆరు రోజులు పట్టచ్చు పిన్నీ."

"సరే. అందాకా ఫోన్ నువ్వు ఎత్తకు. నేనే చెబుతాను."