కాఫీ తోటలో ఒడిబియ్యం

"కొంగు జర నిండుగ కప్పుకో భాగ్యా. మొన్నటి ఫొటోల పనిమనిషి లెక్క కనబడ్డవ్."

ప్రేమ్‌సాగర్ ఈ మాట అన్నప్పుడు భాగ్యశ్రీ ఇనుప మూకుడులో కాఫీ గింజలు వేయిస్తోంది. గింజ చిటపటమని రంగు తిరిగే వేళ గరిటె ఆపకూడదు. ఆపితే ఒక పక్క మాడిపోయి, సిటీ నుంచి వచ్చినవాళ్ళు మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో కళ్ళలోకి వస్తున్న పొగను తోసుకుంటూ, కొంగు నిండుగా కప్పుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడ నుంచి తేవాలో ఆమెకు తోచలేదు. పనిమనిషిలా కాక ఎలా కనబడాలో కూడా తోచలేదు. అయినా గరిటె ఆపకుండానే భుజంతో కొంగును కొంచెం పైకి ఎగదోసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో వంటికి అలవాటైన విద్య అది.

తాండూరు దారిలోని అనంతగిరి గుట్టల వాలులో, మామిడి చెట్ల నీడన, ప్రేమ్‌సాగర్ అరకు నుంచి కాఫీ నారు, గోదావరి వైపు కొబ్బరి తోటల నుంచి కోకో మొక్కలు తెచ్చి పెట్టిన ఏడాది ఊరు ఊరంతా నవ్వింది. కందులు పండే నేలలో గీ పిచ్చి చెట్లేందిరా అన్నారు. నవ్విన నాపచేనే పండింది. పండిందంటే బస్తాలకు బస్తాలు పండిందని కాదు. కాఫీ కొనేవాళ్ళకంటే కాఫీ చెట్టును చూడవచ్చేవాళ్ళు ఎక్కువ దొరికారు. ఆదివారం వస్తే హైదరాబాద్ నుంచి కార్లు. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్. తోటంతా తిప్పడం, ఎర్రటి కాఫీ పళ్ళు కోయించడం, కోకో కాయ పగలగొట్టి లోపలి తెల్లటి గుజ్జు నాకించడం, ఆ తర్వాత జొన్నరొట్టె, పచ్చిపులుసు, తాండూరు కందిపప్పు. దీనికి పేరు హాఫ్ డే టూర్.

పళ్ళు ఏరేది భాగ్యశ్రీ. ఎండబెట్టి, రోట్లో దంచి, చేటతో చెరిగేది భాగ్యశ్రీ. కోకో గింజల్ని అరటాకుల్లో మూటగట్టి, పులిసేదాకా రోజు తప్పించి రోజు తిరగేసేది కూడా ఆమే. ఆ పులిసిన వాసన చేతుల్ని పట్టుకుని వదలదు, అన్నం కలుపుకుంటే అన్నానికీ అంటుతుంది. వచ్చినవాళ్ళ ముందు మాత్రం ప్రేమ్‌సాగర్ "నేను పులియబెడతా, నేను వేయిస్తా" అంటూ చెప్పుకుపోతాడు. సొమ్మొకరిది సోకొకరిది. ఒకసారి ఎవరో పెద్దావిడ, "మరి మీ భార్య ఏం చేస్తారు?" అని అడిగింది. "ఏం లేదు మేడం, ఇంట్లనే ఉంటది. టైంపాస్‌కు వేయిస్తది" అన్నాడు. ఆ పూట రొట్టె కొడుతూ భాగ్యశ్రీ పిండిని చాలా గట్టిగా చరిచింది. రొట్టె విరిగింది. "ధ్యాసేడుంది నీకు?" అన్నాడు.

ఇప్పుడు ఆ టూర్‌లోకి ఒడిబియ్యం వచ్చిపడింది.

పోయిన నెల వచ్చిన గుంపులో ఒకాయన, "అంతా బాగుంది కానీ కల్చర్ తక్కువైందండీ" అని వెళ్ళాడు. ఆ మాట ప్రేమ్‌సాగర్‌కు నిద్రపట్టనియ్యలేదు. నాలుగు రోజులు ఆలోచించి తేల్చాడు. "ఒడిబియ్యం పెడ్దాం. ముందు నీకు పోసి సూపెట్టాలె. అటెన్క వచ్చిన ఆడోళ్ళకు పోసి, మీద ఒక కోకో పొట్లం పెట్టాలె. మస్తు నడుస్తది. మీ అవ్వను పిలుస్త. ముసలామె ఉంటె ఫొటో మంచిగొస్తది."

తల్లి మాట వినగానే భాగ్యశ్రీ చేటలో చెరిగిన గింజలనే మళ్ళీ చెరిగింది. భాగ్యశ్రీకి ఒడిబియ్యం పడి ఏళ్ళయింది.

పెళ్ళయిన బిడ్డను ఏళ్ళకోసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒళ్ళో పోసి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెట్టి కొంగు ముడివేసి పంపుతారు. ఆ బియ్యం తెచ్చి అత్తగారింట్లో వండి అయినవాళ్ళకు పెట్టాలి. నీకు వెనక ఒక ఇల్లుంది బిడ్డా అని పదిమందికీ తెలిసేలా చెప్పడమే అది. తాండూరు అవతల, కరణ్‌కోట సిమెంటు దుమ్ము వేపాకుల మీద తెల్లగా పేరుకునే ఊళ్ళో, భాగ్యశ్రీకి అలా చెప్పే ఇల్లు ఉండేది. నాయిన భీమయ్య బండల గనిలో రాయి చీల్చేవాడు. ఇల్లంతా నాపరాయి పరిచాడు. ఎండాకాలం ఆ బండలపై బోర్లా పడుకుని చెంప ఆనిస్తే, లోపలెక్కడో నీళ్ళున్నట్టు చల్లగా తగిలేది. ఆఖరుసారి ఒడి పోసినప్పుడు నాయిన గనిలో పగిలిన వేళ్ళతో బియ్యం తీస్తుంటే గింజలు ఆ పగుళ్ళలో ఇరుక్కున్నాయి. అవ్వ నవ్వి, "అవి గూడ బిడ్డయే, ఏరి ఇయ్యి" అంది. నాయిన ఒక్కొక్క గింజా ఏరి ఆమె ఒళ్ళో వేశాడు.

ఆ తర్వాత నాయిన పోయాడు. అన్నదమ్ములు లేరు. మళ్ళీ ఒడి పోసే ఏడు వచ్చినప్పుడు భాగ్యశ్రీ అత్త నాగవ్వను అడిగింది, అవ్వ దగ్గరికి పోయొస్తానని. నాగవ్వ వక్కాకు నములుతూ తాపీగా చెప్పింది. "మొగదిక్కు లేని ఇంట్ల ఒడెవలు పోస్తరే? ముండమోసిన చేతులతోని పోయించుకుంటవా? నీకు లేకున్నా నా కొడుకు బతుకు మీద నాకు ఫికరుంది." ప్రేమ్‌సాగర్ పక్కనే ఫోను చూసుకుంటున్నాడు. వినబడనట్టే ఉన్నాడు. నాగవ్వ ఇప్పుడు లేదు. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత ఆదివారం టూర్లు మొదలయ్యాయి. భాగ్యశ్రీ పుట్టింటికి పోవడం పండుగకో పబ్బానికో కూడా కుదరకుండా పోయింది. "నువ్వు పోతె రొట్టెలెవలు కొడ్తరు?" అనేవాడు ప్రేమ్‌సాగర్, అదేదో ఆమె మీద ప్రేమ అన్నట్టు.

ఆ ఆదివారం భాగ్యశ్రీ తల్లి మొగులమ్మ పొద్దున్నే బస్సు దిగి, చేతిసంచి భుజానికి, ఇంకో మూట నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది. రాగానే నీళ్ళు కూడా తాగకుండా మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం. నూనె రాసి, గింజ గింజా విడివిడిగా మెరుస్తోంది. కుడుకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, చిలకపచ్చ రవికె గుడ్డ. అడుగున మడత విప్పని చీర.

"గీ చీర ఎన్నడు కొన్నవే అవ్వా?"

"నాయిన ఉన్నప్పుడే. మల్ల ఒడికి పెడ్దామని. గట్లనే ఉండె." మొగులమ్మ గొంతు తగ్గించింది. "బిడ్డా, అల్లుడు నిజంగనే నన్ను పోయమన్నడా? అత్తమ్మా, ఆదివారం రా, భాగ్యకు ఒడి పొయ్యాలె అన్నడు ఫోన్ల. నేను పోయొచ్చునా అయ్యా అని రెండుమాట్ల అడిగిన. ఏం కాదు, నువ్వే పొయ్యాలె అన్నడు. రాత్రంత నిద్రలేదు నాకు. దేవుడసుంటి అల్లుడు."

భాగ్యశ్రీకి నిజం నోటిదాకా వచ్చింది. ఇది నాకు కాదవ్వా, సిటీవాళ్ళు చూడటానికి. కానీ తల్లి మొహం చూసింది. మొగుడు పోయిన నాటి నుంచీ ఏ శుభకార్యానికి పోయినా తలుపు చాటునే నిలబడి, పిలిస్తే తప్ప ముందుకు రాని మనిషి, ఈ రోజు నెత్తికి నూనె పెట్టుకుని, నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆ మొహం మీద నీళ్ళు చల్లే ధైర్యం భాగ్యశ్రీకి లేకపోయింది. తనకు కూడా ఆ బియ్యం కావాలనిపించింది. ఎంత కావాలనిపించిందంటే, కాసేపు తనే ఆ అబద్ధాన్ని నమ్మేసింది.

"అవునవ్వా" అంది. "నువ్వే పొయ్యాలె."

కార్లు వచ్చాయి. ప్రేమ్‌సాగర్ తోటంతా తిప్పాడు. మొగులమ్మకు కూడా ఎవరో చిన్న గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఒక గుక్క తాగి, "కషాయమా బిడ్డా?" అని అడిగితే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కోకో గుజ్జు నోట్లో వేసుకుని, "సీతాఫలం లెక్కనే ఉన్నది" అంది. వచ్చినవాళ్ళలో రుచిత అనే అమ్మాయి ఆ మాటను ఫోనులో పట్టుకుంది. చాలా రోజుల తర్వాత అవ్వ తన కళ్ళ ముందు నవ్వుతూ తిరగడం చూసి, రొట్టెలు కొడుతున్న భాగ్యశ్రీకి చేతుల నొప్పి తెలియలేదు.

కాఫీ పళ్ళు ఎండబెట్టే కల్లంలో పీట వేశారు. ఆ కల్లంలో పరిచింది తాండూరు బండలే. తోటలో షెడ్డు కట్టినప్పుడు భీమయ్య లారీకెత్తి పంపాడు, అల్లుడి దగ్గర పైసా తీసుకోలేదు. భాగ్యశ్రీ పీట మీద కూర్చుని కాళ్ళు బండ మీద ఆనించింది. చలికాలపు ఎండ ఎక్కినా బండ చల్లగానే ఉంది. కొంగు పట్టింది.

మొగులమ్మ గంపలో పోసిన బియ్యంలోంచి మొదటి దోసిలి తీసింది. కొన్ని గింజలు బండ మీద పడ్డాయి. వంగి, ఒక్కొక్కటీ ఏరి బిడ్డ ఒళ్ళో వేసింది. "సల్లగుండు బిడ్డా. నిండుగుండు. మీ నాయిన సూస్తుండు" అంటూ పోస్తూనే ఉంది. బియ్యం బరువు తొడల మీదికి దిగుతుంటే భాగ్యశ్రీకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"అయ్యో, నా వీడియో మధ్యలో ఆగిపోయింది" అంది రుచిత. "ఆంటీ, ఇంకొక్కసారి మొదటి నుంచి పోస్తారా?"

"పోస్తరు మేడం, ఎందుకు పోయరు?" ప్రేమ్‌సాగర్ చురుగ్గా ముందుకొచ్చాడు. "భాగ్యా, బియ్యం గంపల తిర్గ వొయ్యి. అత్తమ్మా, మల్ల షురూ చెయ్యి. జర జల్ది. గా బియ్యమే మేడమోళ్ళకు పొయ్యాలె, మల్ల రెండో బ్యాచ్‌కు గూడ అవే."

మొగులమ్మ చేతులు గాల్లోనే ఆగాయి.

"ఒడిల వడ్డయి తిర్గ పోస్తరా అయ్యా?"

"ఇది సూపెట్టనీకె అత్తమ్మా. షో."

"షోనా?"

"మరేమనుకున్నవ్?" ప్రేమ్‌సాగర్ నవ్వాడు. కసిగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి నవ్వాడు. "నిజంగ పోసేదైతె నిన్నెట్ల పిలుస్త? షోకు తప్పులేదు గదా, ఎవలేమంటరు?"

మొగులమ్మ పసుపంటిన చేతుల్ని చీరకు తుడుచుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, అక్కడ తలుపు లేకపోయినా, తలుపు చాటుకు పోయినట్టే మామిడి మాను వెనక నిలబడింది. భాగ్యశ్రీకి ఆ రెండడుగులు తెలుసు. నాయిన పోయిన నాటి నుంచి ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో చూస్తూనే ఉంది. ఇంతకాలం వాటిని ఊరు వేయించింది. ఈ రోజు వేయించింది తను పలికిన "అవునవ్వా".

ఆమె లేచింది. ఒడి నిండా బియ్యంతో మెల్లగా లేచింది. అందరూ గంప వైపు పోతుందనుకున్నారు. చెట్టు దగ్గరికి పోయి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కూసో అవ్వా. పీట మీద."

"నేనా? నాకెందుకే..."

"కొంగు పట్టు."

"పాడుగాను, ఏం పని బిడ్డా ఇది? నాసుంటిదానికి పోస్తరా? ఎవలన్న సూస్తె..."

"ఏం కాదవ్వా. షోకు తప్పులేదంట. మీ అల్లుడే అన్నడు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మొగులమ్మ పీట అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చుంది. భాగ్యశ్రీ కొంగు కొసలు నడుముకు దోపుకుని, తన ఒళ్ళో నుంచి దోసిలి నింపి తల్లి ఒళ్ళో పోసింది. ఒక కుడుక పెట్టింది. మళ్ళీ దోసిలి. నాయిన పోయాక ఆ ఒళ్ళో ఎవరూ ఒక్క గింజ వేయలేదు. మొగులమ్మ కొంగును ముందు వేళ్ళ కొసలతో పట్టుకుంది, బరువు పెరిగే కొద్దీ పిడికిళ్ళతో బిగించింది. తల వంచుకుని ఉంది. కన్నీళ్ళు బియ్యంలో పడుతున్నాయి. రుచిత ఫోను దించేసి, చెప్పులు విప్పి పక్కకు జరిపింది.

భాగ్యశ్రీ తల్లి కొంగు ముడివేసింది. తన కొంగు తనే ముడివేసుకుంది. షెడ్డు లోపలికి పోయి తల్లి తెచ్చిన చీర, ఆమె చేతిసంచి తీసుకుని వచ్చింది.

"యాడికి?" ప్రేమ్‌సాగర్ గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి అడిగాడు. "రెండో బ్యాచ్ వస్తున్నది. రొట్టెలు?"

"పిండి తడిపి పెట్టిన. కాఫీ వేయించి పెట్టిన. మిగిలింది టైంపాసే."

తల్లీ బిడ్డా గుట్ట దిగారు. ఒళ్ళో బరువుకు ఇద్దరూ నిండు నెలల మనుషుల్లా నడిచారు. తాండూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కోసిన కందిచేల కట్టెవాసన లోపలికొచ్చింది. చాలాసేపటికి మొగులమ్మ తన కొంగు ముడిని తడిమి చూసుకుని, బిడ్డ వైపు తిరిగింది.

"ఒడి ముడి అత్తగారింట్ల విప్పాలె బిడ్డా. నువ్వేమో ఇటొస్తున్నవ్. నీ ముడి యాడ విప్పుతవే?"

"నువ్వు యాడ విప్పితె ఆడనే అవ్వా."