ఊపిరికి కాపలా

బిక్షమ్మ గది తుడిచి, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూసి, పిల్లల కుర్చీ పట్టీలు సరిచేసేసరికి తొమ్మిదయింది. గురువారం కాబట్టి మత్తు డాక్టరు హైదరాబాదు నుంచి వచ్చాడు. మహబూబ్‌నగర్‌లోని ఈ పళ్ల దవాఖానలో ఆయాగా ఆమెకిది పదకొండో ఏడు. మత్తు ఇవ్వడం మొదలుకాని రోజుల్లో పిల్లల కాళ్లు చేతులు అదిమి పట్టడమే ఆమె పని. వాళ్లు కరిచిన గుర్తులు ముంజేతి మీద ఇంకా ఉన్నాయి. ఇప్పుడు పిల్లలు నిద్రపోతారు. వాళ్ల ఛాతీ లేస్తోందో లేదో ఆమె రెప్ప వేయకుండా చూస్తుంది.

గదికి కిటికీ లేదు. మేకల వెంట గుట్టలు తిరిగి పెరిగిన మనిషి. ఒక వానాకాలం రోగమొచ్చి మంద పోయింది, ఆ వెనకే పెనిమిటీ పోయాడు. తలుపు మూసుకున్నప్పుడల్లా ఆమెకు ఊపిరాడదు. అయినా రాక తప్పదు. యాభై దాటిన ఆడమనిషిని పిలిచి పనిచ్చేదెవరు?

మొదటి పిల్ల సుస్మిత. ఐదేళ్లు, మక్తల్ దగ్గరి పల్లె. దవడ బూరెలా ఉబ్బింది. నాలుగు రోజులుగా తల్లికీ పిల్లకూ నిద్ర లేదు.

"పొద్దున ఏమన్న తిన్నదా, తాగిందా?" పళ్ల డాక్టరు గోపీకృష్ణ మళ్లీ అడిగాడు.

"రాత్రి సంది మంచినీళ్లు సుత ఇయ్యలే సారూ," అంది తల్లి. ఆమె అబద్ధమాడలేదు.

పిల్లను పడుకోబెడుతూ వంగిన బిక్షమ్మకు పచ్చిపాల వాసన తగిలింది. గౌను మోకాళ్ల దగ్గర మట్టి, నాలుగు మేక వెంట్రుకలు. ఆ వయసులో తానూ అంతే. పొద్దున్నే దొడ్లో దూరి, పొదుగుకే నోరు పెట్టి తాగేది. ఒకరు ఇవ్వాలా ఏమిటి?

"బిడ్డా, పొద్దుగాల మేక కాడ పాలు తాగినవా?"

పిల్ల తలూపింది.

"సారూ, మత్తుల కక్కితే పాలు ఊపిరికి అడ్డం పడ్తయి. జర ఆగుండ్రి."

"పోయిన వారం గిట్లనే ఒకటి ఆపించినవ్," అన్నాడు గోపీకృష్ణ. ఆయన చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత దురుసు. "ఇది గూడ ఆపితే ఇగ పనికి రాకు."

తల్లి బిక్షమ్మ చేతులు పట్టుకుంది. "అక్కా, నా బిడ్డ ఇంక ఓర్వలేదు. నీకు దండం పెడుత, ఆపకు."

మత్తు డాక్టరు సూది పట్టుకుని నిలబడ్డాడు. ఆ పని బిక్షమ్మకు కావాలి. అయినా పిల్లను ఎత్తి భుజాన వేసుకుని తలుపు తోసింది.

వరండాలో నాలుగడుగులు వేసిందో లేదో, పిల్ల కక్కుకుంది. అన్నీ విరిగిన పాలే. తల్లి కొంగుతో పిల్ల మూతి తుడిచింది. వెనకే వచ్చిన మత్తు డాక్టరు చూసి, సూది పక్కన పెట్టి, మూడింటికి చేద్దామన్నాడు. గోపీకృష్ణ మాత్రం అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

బిక్షమ్మ నల్లా కింద భుజం కడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. ఎండలో నిలబడితే ఎటు పోవాలో తోచలేదు. పదకొండేళ్ల ఆ గది కన్నా బజారే ఇరుకనిపించింది.

మూడింటికి సుస్మిత నిద్రపోయింది. డాక్టర్లలో ఒకరు నోటి మీదికి వంగారు, ఒకరు ఫోను మీదికి. పిల్ల ఛాతీ పక్కన ఇనుప స్టూలు ఖాళీగా ఉంది, దాని మీద బిక్షమ్మ మడతపెట్టి పరుచుకున్న పాత చీర ముక్క.