వానవీధిలో గొడుగులు

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కోనసీమలో కాలవలు తవ్వుతున్న రోజులవి. ఊరి బయటి పేట జనం పొద్దున్నే గంపలెత్తుకుని పెద్దవీధి మీదుగా కాలవ పనికి వెళ్ళేవారు. ఆ వీధిలో ఎప్పుడూ వాన కురుస్తూనే ఉండేది. మండువేసవిలోనూ అంతే. వీధి చివర దాటితే మోకాలి దాకా దుమ్ము. పెద్దవీధివాళ్ళు అరుగుల మీద నాచు గీకించుకునేవారు. పేటవాళ్ళు తాటాకు గొడుగులు తెచ్చుకుని, సరిగ్గా వాన మొదలయ్యే చోట దించేసేవారు. పెద్దల ఇళ్ళ ముందు గొడుగు వేసుకోకూడదు.

ఆ వీధిలో మాణిక్యాలరావుగారు మంచి మనిషి. "మా ఇంటి ముందు వేసుకోండి" అన్నారు. అప్పట్నుంచి ఆయన ప్రహరీ మొదట్లో గొడుగులు లేచేవి, చివర దిగేవి.

పేటలో పోలమ్మ కూతురు మంగకు పుట్టిన తొలిబిడ్డ ఆ వీధిలో తడిసి, జ్వరమొచ్చి పోయింది. ఇప్పుడు రెండో బిడ్డను చంకనేసుకుని మంగ మళ్ళీ పనికి రావాలి. పోలమ్మ వెళ్ళి మాణిక్యాలరావుగారి అరుగు కింద నిలబడింది.

"తమరి ఇల్లు దాటాక ఏం చెయ్యమంటారండీ?"

"ఎవరికి వాళ్ళు మారాలి పోలమ్మా. నేను మారాను కదా."

"ఆయ్, మారేరండి. తమరి ప్రహరీ ఉన్నంత మేర బిడ్డ తడవదు."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రం పేటలో పోలమ్మ, "రేపు ఎవరూ గొడుగు దించొద్దు" అంది.

"నువ్వు ముందు వేసుకుపో వదినా, చూద్దాం" అని నవ్వింది వరహాలమ్మ.

"నా ఒక్కదాని గొడుగైతే చింపి చేతిలో పెడతారు. అందరివీ చింపాలంటే వాళ్ళ చేతులే నొప్పెడతాయి."

మర్నాడు ఒక్క గొడుగూ దిగలేదు. బిడ్డతో మంగ నడుమ నడిచింది. ఎదురరుగు మీంచి బాపిరాజుగారు కేకేశారు. "మాణిక్యాలరావూ, ఇది నీ ఇంటి ముందు మొదలైందే. దించమను."

మాణిక్యాలరావుగారు వీధిలోకి దిగారు. తలమీంచి నీళ్ళు కారుతుంటే, గొడుగులకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"తడిసిపోతున్నారండీ. ఇటు రండి" అంది పోలమ్మ, గొడుగు కాస్త పక్కకి జరిపి.

ఆయన బాపిరాజుగారి వైపు చూశారు, మంగ చంకలో బిడ్డను చూశారు, గొడుగు కిందికి వచ్చేశారు. వీధి సగం నడిచేసరికి తాటాకుల మీద చప్పుడు ఆగిపోయింది. బిడ్డ పొడిగా నిద్రపోతోంది.

ఆ తర్వాత పెద్దవీధిలో వానాకాలంలో తప్ప వాన పడలేదు. అరుగుల మీద నాచు ఎండి రాలిపోయింది. ఒక పొద్దున బాపిరాజుగారు కాస్త మెత్తగానే అడిగారు.

"వాన లేదు కదే పోలమ్మా, ఇంకా గొడుగెందుకు?"

"ఎండండీ" అంటూ పోలమ్మ మనవరాలి మీదికి గొడుగు వంచి, ముందుకు సాగిపోయింది.