సున్నాకి రాని లెక్క

"ముప్పై ఒకటి" అన్నాడు లైల్ నా చెవిలో. సంబరంగా అన్నాడు. నేను మాత్రం బల్ల మీద పడిన ముక్కల వైపు మళ్ళీ చూశాను.

ఒక్క కట్ట పేకతో ఆడే బ్లాక్‌జాక్ బల్ల దగ్గర లెక్క ముప్పై ఒకటికి రాదు. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపుకోవాలి. పదికీ, బొమ్మలకీ, ఆసుకీ ఒకటి తీసేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిదిని వదిలేయాలి. అంకె పెరిగిందంటే కట్టలో పెద్ద ముక్కలు మిగిలాయని, పందెం పెంచొచ్చని అర్థం. ఇంతే విద్య. కట్టలో చిన్న ముక్కలే ఇరవై ఉంటే ముప్పై ఒకటి ఎక్కణ్ణుంచి వస్తుంది? డీలరు ముక్కలు కలిపిన ప్రతిసారీ మళ్ళీ సున్నాతో మొదలుపెట్టాలి. లైల్ అది మరిచిపోతున్నాడు. పాత లెక్క మీదే కొత్త లెక్క పేర్చుకుంటూ పోతున్నాడు.

పెళ్ళయిన కొత్తలో నాకిది నేర్పింది అతనే. ఇలా లెక్కపెట్టి గెలిచేస్తున్నాడని అప్పట్లో రీనో ఊళ్ళో అతన్ని బయటికి పంపని క్యాసినో లేదు. భుజం మీద చెయ్యి వేసి, మరే ఆటైనా ఆడుకోండి గానీ బ్లాక్‌జాక్ మాత్రం వద్దనేవాళ్ళు. మాలాంటి వాళ్ళకి అదే బిరుదు. ఆ పూట మంచి భోజనం చేసి, ఎవడు ఏమన్నాడో చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆ క్యాసినోలే ఉచిత భోజనం కూపన్లు పంపి మరీ రమ్మంటున్నాయి. తన ముసలి వేషం చూసి వాళ్ళు బోల్తాపడ్డారని లైల్ నమ్మకం.

దాచుకున్నదాంట్లో సగం పోయింది. చెప్పి చూశాను. "లెక్క తప్పుతున్నది నాకు కాదే, నీకు. కళ్ళజోడు మార్చుకో" అని ఎకసెక్కమాడాడు. పోట్లాడే ఓపిక నాకు లేదు. చలికాలంలో ఒకసారి మాత్రం, "ఇంకొక్కసారి గెంటించుకుని, మగాడిలా మానేస్తా" అన్నాడు. ఆ మాటే పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ముప్పై ఒకటి అన్నాక అతను బాత్రూముకి వెళ్ళగానే ఫ్లోరు మేనేజరు రొసెండో దగ్గరికి నడిచాను. ఇరవై ఏళ్ళుగా మమ్మల్ని ఎరిగినవాడు.

"రొసెండో, లైల్‌ని గెంటెయ్యి."

తెల్లబోయాడు. "అదేంటమ్మా! పోగొట్టుకునేవాణ్ణి గెంటేస్తే నన్ను గెంటేస్తారు."

"నా మాట వినడు. మీరు పొమ్మంటే తలెత్తుకుని పోతాడు. పాత రోజుల్లో అన్నట్టే అను."

"పైన కెమెరాల్లో చూస్తుంటారమ్మా."

"చూడనీ. కాళ్ళు పట్టుకోమంటావా?"

"ఛ, అంత మాటెందుకు" అంటూ అతను కోటు సర్దుకున్నాడు. వాళ్ళ నాన్న కూడా చివర్లో ఇలాగే మరిచిపోయేవాడట.

లైల్ వచ్చి పెద్ద పందెం కాసేలోపే రొసెండో అతని భుజం మీద చెయ్యి వేశాడు. "లైల్ గారూ, మీతో మేం వేగలేం. మరే ఆటైనా ఆడుకోండి, బ్లాక్‌జాక్ మాత్రం వద్దు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు లైల్ వైపు గౌరవంగా చూశారు. అతను లేచి నిలబడి టోపీ పెట్టుకున్నాడు. డీలరు పిల్లకి బక్షీసు ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళ అలసటో అది.

కారులో కూర్చున్నాక అతను మోకాలి మీద చరిచాడు. ఆ మొహంలో అంత వెలుగు చూసి పదేళ్ళయింది.

"చూశావా మార్లీన్! నేను ముసలాణ్ణయిపోయానన్నావు. వాళ్ళకి ఇంకా నేనంటే హడల్!"

"అవును లైల్. ఇక మానేద్దాం. అన్నావు కదా."

"మానడమా? లెక్క తప్పేవాణ్ణి ఎవడైనా గెంటుతాడుటే?" అతను సీటు బెల్టు పెట్టుకున్నాడు. "ముందు బ్యాంకుకి పోనీ. మిగిలిందంతా తీసుకుని రేపు పొద్దున్నే కార్సన్ సిటీ క్యాసినోలకి వెళ్దాం."