నీళ్ళ పరీక్షకి ఉపవాసం

...అయినా, నిప్పుకి వణకని కాళ్ళు నీళ్ళకెందుకు వణకాలి? శోభన ఈతకొలను గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, ఈ ఒక్క ముక్కనే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది. కిందటేడు లౌటోకాలో మారెమ్మ గుడి ముందు ఇవే కాళ్ళు గుండం తొక్కాయి. బొబ్బ కూడా లేవలేదు. మరి ఇవాళ సువాలో, యూనివర్సిటీ వాళ్ళ నీలం రంగు కొలనులో, నడుం లోతు నీళ్ళు చూసి... భయం కాళ్ళలో ఉండదేమో. మెడలో ఉంటుందేమో. అవును, బిగుసుకుపోయింది మెడే.

చదువు పని మీద పైదేశం వెళ్ళే విద్యార్థులకి యూనివర్సిటీ చాలా జాగ్రత్తలు పెట్టింది. టీకాలు, బీమా, తుఫానొస్తే ఎక్కడికి చేరాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. శోభనకి అవన్నీ అయిపోయాయి. మిగిలింది ఒకటే. వనువాటూలో మడ అడవుల మధ్య పడవ మీద తిరగాలి. పడవెక్కే ప్రతివాళ్ళూ ముందుగా వెల్లకిలా నీళ్ళ మీద తేలి, టీచరు ఈల వేసేదాకా అలాగే ఉండి చూపించాలి. ఈత రాకపోయినా సరే, తేలడం రావాలి. ఇవాళ తేలకపోతే ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకునే ఆ చెట్లని ఆమె ఇన్నాళ్ళూ పుస్తకాల్లోనే ఎక్కువ చూసింది. వాటి మధ్య నెల రోజులు బతకాలని ఎంత ఆశ పడిందో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆశ పలచబడుతుందని ఆమె అనుమానం.

దీవిలో పుట్టి ఈత రాదంటే బయటివాళ్ళు నవ్వుతారు. లౌటోకా పక్కన లోవు ఊళ్ళో, చెరకు తోటల మధ్య పెరిగినవాళ్ళకి సముద్రమంటే బస్సు కిటికీలోంచి కనపడేది. గుండానికి ముందు స్నానానికని మోకాళ్ళ దాకా దిగడం, అవ్వ కొంగు పట్టుకుని గబగబా పైకొచ్చెయ్యడం. అంతే.

పోయినవారం ఒకసారి ప్రయత్నం జరిగింది, జరగలేదు కూడా. నీళ్ళలో పరీక్ష ఉందని ఫోన్‌లో చెప్పగానే అవ్వ పాపమ్మ వ్రతం పట్టమంది. ఆవిడ లెక్కలో నిప్పైనా నీళ్ళైనా అమ్మవారివే. శోభన ఉప్పు మానేసింది, చాప మీద పడుకుంది, పసుపు నీళ్ళు పోసుకుని పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా పరీక్షకి వచ్చింది. మనసు ఒకచోట నిలవడానికి ఉపవాసం మంచిదేనని తనకి తనే పాఠం చెప్పుకుంది.

"పొద్దున ఏం తిన్నావు?" అనడిగింది ఈత నేర్పే లిటియా, శోభన ఒక మెట్టు దిగగానే.

"ఏం తినలేదు."

"రాత్రి?"

"అరటిపండు."

"అయితే పైకి రా. ఖాళీ కడుపుతో ఎవర్నీ దిగనివ్వను. అదీ రూలే." తన డబ్బాలోంచి ఉడకబెట్టిన కర్రపెండలం ముక్క తీసి చేతిలో పెట్టింది.

కాబట్టి ఇవాళ శోభన తినే వచ్చింది. తినే దిగుతానన్న మాట నిన్ననే అవ్వ చెవిన పడింది. తిని గట్టెక్కుతుందంటే ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, బయల్దేరింది.

గేటు దగ్గర వాన్ ఆగింది. మిల్లులో వెల్డింగ్ పని చేసే మునియ్య మామ మెడలో డప్పు. అత్త సర్లా చేతిలో పసుపు నీళ్ళ చెంబు, వేపమండ. వెనకాల పసుప్పచ్చ చీరలో అవ్వ.

"ఇదేనా గుండం?" అంది అవ్వ కొలను చూసి.

"గుండం కాదవ్వా. స్విమ్మింగ్ పూల్."

"లోతెంత?"

"నడుందాకా."

"దీనికోసమా లౌటోకా నుంచి తోలుకొచ్చాను?" అన్నాడు మామ.

సర్లా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "తిన్నావంట?"

"రూలు అత్తా."

"ఏం తిన్నావు?"

"రోటీ, ఆలూ కూర."

"చేప తినలేదు కదా?"

"లేదు."

"అచ్ఛా. అయితే సగం ఉపవాసం ఉన్నట్టే."

లిటియా వీళ్ళందర్నీ ఎగాదిగా చూసింది. "ఎవరు వీళ్ళు?"

"మావాళ్ళు."

"ఎవరికైనా ఈతొచ్చా?"

"ఒక్కళ్ళకీ రాదు."

"మరెందుకొచ్చారు?"

శోభన మామ మెడలో డప్పు వైపు చూపించింది. "నేను ఆగిపోకుండా చూడ్డానికి."

లిటియా పెద్దగా నవ్వింది. "సెగా నా లెంగా, పరవాలేదు. పసుపు మాత్రం నా కొలనులో పొయ్యకండి." సర్లా శోభనని గట్టు పక్క కాలవ మీద నిలబెట్టి చెంబెడు నీళ్ళూ ఆమె కాళ్ళ మీదే పోసింది.

డప్పు మోగింది. శోభన నీళ్ళలోకి దిగి, వెనక్కి వాలింది. డప్పు వినగానే ఒళ్ళు తనంతట తనే గట్టిపడింది. పిడికిళ్ళు బిగిశాయి, దవడ బిగిసింది, నడుం రాయిలా కిందకి దిగిపోయింది. దగ్గుతూ గట్టు పట్టుకుంది. రెండోసారీ అంతే. సాయం చేద్దామని మామ దరువు పెంచాడు.

"ముందుకి చూడవే," అని అరిచింది అవ్వ, "ముందుకే చూడు."

"పడుకుంటే ముందెక్కడుంటుందవ్వా?"

లిటియాకి తెలుగు రాకపోయినా మిగతావాళ్ళతో పాటు నవ్వింది. శోభనకీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే మెడ కొంచెం వదులైంది. అది ఆమె గమనించింది.

గుండంలో వెనకే ఇంకో మనిషి వస్తుంటాడు. ఆగితే ఇద్దరూ కాలతారు. అందుకే నడిచింది. ఇన్నాళ్ళూ తను ధైర్యమనుకున్నది ఆగకపోవడమేనా? ఇక్కడ వెనక ఎవరూ లేరు. చేరాల్సిన అవతలి ఒడ్డూ లేదు. ఉన్నచోట ఉండడమే పని. ఉండడం ఎలాగో తనకి ఎవరు నేర్పారు? డప్పు మాత్రం పద, పద అంటోంది.

"మామా, కాసేపు ఆపవా?"

మొదలెట్టిన డప్పుని మధ్యలో ఆపమని ఆ ఇంట్లో ఎవరూ అడిగినవాళ్ళు లేరు. మునియ్య తల్లి వైపు చూశాడు.

"ఆపరా," అంది పాపమ్మ. "పిల్ల అడుగుతోంది కదా." ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, లిటియా భుజం ఆసరాతో గట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టింది. "ఏమే, చల్లగా ఉన్నాయే," అంటూ పాదాలు ఆడించింది. "మాకేం తొందర లేదు. వాన్‌లో పులిహోర ఉంది. నీ ఇష్టమొచ్చినంతసేపు చేసుకో."

శోభన మళ్ళీ వెనక్కి వాలింది, ఒక చెయ్యి గట్టు మీదే ఉంచి. చెవులు మునిగాయి. సువా అంతా ఒక్కసారి మాయమైంది. తన ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, పెద్దగా, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. గాలి పీలిస్తే ఛాతీ పైకి లేచింది, వదిలితే కొంచెం దిగింది, మళ్ళీ లేచింది. తను లేపడం లేదు. మబ్బు పట్టిన ఆకాశం, అంచున అవ్వ తల తలకిందులుగా, పళ్ళు లేని నవ్వు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేని ఈ కాసింత చోటు ఇన్నేళ్ళూ ఎక్కడుందో అనుకుంది. కడుపులోంచి నవ్వు పొంగి, నీళ్ళు చిన్నగా కదిలాయి.

లిటియా ఈల నోట పెట్టుకుంది, ఇంకా ఊదకుండా, గట్టు మీదున్న ఆ చేతినే చూస్తూ.

శోభన గట్టు మీంచి చెయ్యి తీసేసింది.