పెదవులకు అతికిన మాట

"ఇంకోసారమ్మా. ఏడుపు బ్రహ్మాండంగా ఉంది, మాటే రాలేదు" అన్నాడు అద్దం అవతలి నుంచి ఇంజనీరు. అది ఏడోసారి. పొద్దున తొమ్మిదింటికి మైకు ముందు నిలబడిన మనిషి, మధ్యాహ్నం దాటినా కూర్చోలేదు.

డబ్బింగు గదుల్లో ఆమెను ఏడుపక్క అంటారు. ఏ సినిమాలో ఏ తల్లి ఏడ్చినా గొంతు ఈమెదే. పదిహేనేళ్లుగా అన్నీ అరువు ఏడుపులే. ఇది మాత్రం సొంతం. బట్టల మిల్లు తగలబడి తన భర్త ఎలా పోయాడో, కథలు రాసే తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పింది ఆమే; వాడు దాన్నే సినిమాగా రాశాడు. "బయట తాళం వేశారయ్యా!" అని నటి గుండెలు బాదుకుంటే, షూటింగులో లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారట.

ఆ తర్వాత సినిమాకి డబ్బు ఆగిపోయింది. ఆదుకున్న పెద్దమనిషి ఎవరయ్యా అంటే, ఆ మిల్లు యజమానే! ఎంత దయో చూడండి, ఒక్క సీను కూడా తీసెయ్యమనలేదు. డబ్బింగులో ఒక్క మాట మార్చమన్నాడు, అంతే.

తమ్ముడు ఆ మాట రాసిన కాగితంతో మళ్లీ లోపలికొచ్చాడు.

"పెదాలకి అతికేలా రెండ్రోజులు కూర్చుని రాశానక్కా. 'బాగా తాగి వచ్చాడయ్యా!' చూసేవాళ్లకి తేడా తెలీదు."

"మీ బావ ఏనాడైనా చుక్క ముట్టాడట్రా?"

"నాకు తెలీదా? కానీ ఇది చెప్పకపోతే బొమ్మ విడుదలవదే. ఆ మంటలు ఎవడూ చూడడు."

"చూసి, మీ బావే అంటించాడనుకుంటారు కదరా!"

వాడు కాగితం ఆమె ముందున్న స్టాండు మీద పెట్టాడు. బావ భుజాలెక్కి సినిమాలు చూసిన వాడు.

మళ్లీ తెర వెలిగింది. నటి పెదవులు తాళం గురించే చెబుతున్నాయి. ఆమె నోరు తెరిచింది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది గాని మాట రాలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేసింది.

"నావల్ల కాదు. నా మొగుణ్ణి నా గొంతుతో తాగుబోతును చెయ్యలేను."

"వేరేవాళ్లతో చెప్పిస్తారక్కా."

"చెప్పించుకోండి."

బయట బెంచీ మీద, ఇంకో డబ్బింగు అమ్మాయి అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్లో నెలల బిడ్డ. ఇలాంటివాళ్లకి కబురు ఎంత త్వరగా వెళ్తుందో!

"చాలా ఉందా అక్కా?"

"ఒక్క మాటేనమ్మా."

"అమ్మయ్య. కాస్త పట్టుకోవా, రెండు నిమిషాల్లో వచ్చేస్తాను" అని బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి ఆ అమ్మాయి లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. పైన రికార్డింగు ఎర్రలైటు వెలిగింది.